ఒక బాణం, రెండు బాణాలు

మొదటి రోజు కీబోర్డు పాడయిందనుకున్నాం. నల్ల తెర పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాం. ఒక్క అక్షరం పడలేదు, చుక్క కూడా పడలేదు. ఇంకాస్త గట్టిగా కొట్టాం. పక్క వరుస వాళ్ళు చూస్తున్నారేమోనని తల వంచుకుని మళ్ళీ కొట్టాం. తప్పని చెప్పి తెర ఊరుకుంది. మాలో ఒక్కరమూ చెయ్యెత్తి అడగలేదు. అడగకుండా ఉండడం బడిలో మేం అందరికంటే ముందు నేర్చుకున్న పాఠం. వెనక నుంచి వచ్చిన సీనియర్ అన్న చూసి నవ్వి, "పడతాండాది లేప్పా, కనపడదు అంతే. ఎన్ని అక్షరాలో కూడా పక్కోనికి తెలీకూడదని అట్లా పెట్టినారు. నిదానంగా కొట్టు" అన్నాడు. కొట్టాం. డాలరు గుర్తు వచ్చింది. దాని పక్కన మిణుకుమిణుకుమంటూ ఒక చిన్న గీత.

అది 2019. మేం ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉన్నాం. పల్లెటూరి పిల్లల కోసమని 2008లో పెట్టిన చదువు అది. పదో తరగతి మార్కులతో తీసుకుంటారు, ఆరేళ్ళు అక్కడే ఉంచి చదివిస్తారు. వేంపల్లె దాటి వస్తే కొండల కింద పెద్ద పెద్ద భవనాలు, పొద్దున్నే నెమళ్ళ అరుపులు. మేం అయిదుగురం. రాయచోటి వైపు సుగాలి తండాల నుంచి ఇద్దరం, ప్రొద్దుటూరు ఎరుకల ఇంటి నుంచి ఒకడు, చింతూరు కోయగూడెం నుంచి ఒకడు, సీతంపేట సవర గూడ నుంచి ఒక అమ్మాయి. హాస్టల్లో మా పేర్ల కన్నా ఊర్ల పేర్లే ఎక్కువ నడిచేవి. ఇక్కడా అట్లాగే రాస్తాం.

యూనిక్స్ అంటే ఏమిటో అప్పటికి మాకు తెలియదు. మా ల్యాప్‌టాప్‌లో సీనియర్లు ఎక్కించిన ఉబుంటు ఉండేది, అది లైనక్స్, లైనక్స్ యూనిక్స్ దారిలో నడిచేది అని ఒక్కొక్క మెట్టూ తర్వాత తెలిసింది. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టారు. ఎవరూ వాడక ఒక మూల పడివున్న చిన్న యంత్రం మీద మొదలైన పని అది. 1973లో దాన్ని సీ భాషలో తిరగరాశారు. ఆ సీ భాషే మా మొదటి సంవత్సరం పాఠం. 1991లో హెల్సింకీలో చదువుకునే ఇరవయ్యొక్కేళ్ళ కుర్రవాడు, లైనస్ టోర్వాల్డ్స్, యూనిక్స్ లాంటిదాన్ని తన ఇంటి కంప్యూటర్ కోసం సొంతంగా రాసి అందరికీ పంచాడు. అతని ఇంటి భాష ఫిన్నిష్ కాదు, స్వీడిష్. ఫిన్లాండులో వందకు అయిదారుగురు మాట్లాడే భాష. ఈ సంగతి మాకు సీతంపేట అమ్మాయి చెప్పింది. పరీక్షకు పనికిరాదు గానీ మేం మరిచిపోలేదు.

అసలు విషయానికొస్తాం. ఇంగ్లీషు మాకు భయం. క్లాసులో లేచి నిలబడి మాట్లాడాలంటే, టౌను స్కూళ్ళలో చదివిన వాళ్ళ ముందు నోరు ఎండిపోయేది. మా ఉచ్చారణకు వెనక నుంచి నవ్వు వినబడేది. కానీ ఈ నల్ల తెర ముందు ఒక వింత జరిగింది. ఎల్‌ఎస్ అంటే ఏమిటి? సీడీ అంటే ఏమిటి? గ్రెప్ అంటే? ఇంగ్లీషు బాగా వచ్చిన వాళ్ళూ మా మాదిరే తెల్లమొహం వేశారు. ఇవి ఏ ఇంట్లోనూ ఏ అమ్మా పిల్లకు నేర్పే మాటలు కావు. ఆ రోజుల్లో కంప్యూటర్‌తో మాట్లాడే టెలిటైప్ సెకనుకు పది అక్షరాలు మాత్రమే కొట్టేది, కీలు నొక్కాలంటే వేళ్ళు నొప్పి పుట్టేవి. అందుకే మాటలను నరికి పొట్టివి చేసుకున్నారు. లిస్ట్ కాస్తా ఎల్‌ఎస్ అయింది. కాపీ సీపీ అయింది. నరికిన మాటలు అందరికీ కొత్తే. చదువుల్లో మేం, వాళ్ళు ఒకే గీత మీద నిలబడి మొదలుపెట్టిన ఆట మాకు ఇదొక్కటే గుర్తుంది.

ఇంకోటి. ఈ యంత్రం మన యాస అడగదు. సరిగ్గా రాస్తే పని చేస్తుంది, తప్పు రాస్తే చెయ్యదు, అంతే. పెద్దక్షరానికి, చిన్నక్షరానికి తేడా చూస్తుంది గానీ పెద్ద ఊరికి, చిన్న ఊరికి తేడా చూడదు. అయితే మొదట్లో దాని మౌనం మమ్మల్ని తికమక పెట్టింది. ఫైలు కాపీ చెయ్యమంటే చేసేస్తుంది, చేశానని చెప్పదు. మాట్లాడిందంటే ఏదో తప్పయిందన్న మాట. చింతూరు వాడు దీన్ని చప్పున పట్టుకున్నాడు. "మా పటేల్ తాత ఇంతే. అంతా బాగుంటే నోరు తెరవడు" అన్నాడు.

అందరూ ఒకే గీత మీద అన్నాం గదా, దానికి ఒక అడ్డు కూడా చెప్పాలి.

ల్యాబులో ఒక రోజు ప్రొద్దుటూరు వాడు ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కించాలని సుడో అని కొట్టాడు. సుడో అంటే యజమాని అధికారంతో పని చెయ్యమని అడగడం. సొంత ల్యాప్‌టాప్‌లో మనమే యజమానులం, ల్యాబు యంత్రంలో కాదు. నీ పేరు అనుమతి ఉన్నవాళ్ళ జాబితాలో లేదు, ఈ సంగతి పైకి రిపోర్టు అవుతుంది అని తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. వాడు లేచి వెళ్ళిపోయాడు. రాత్రి మెస్సుకు రాలేదు. మేం గదికి వెళ్ళేసరికి బ్యాగు సర్దుకుని కూచున్నాడు. "ఎవరికి రిపోర్టు చేస్తారు? నాయన్ను పిలిపిస్తారా?" అదే అడుగుతున్నాడు.

మొదట మాకు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. 1871లో తెల్లవాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 నుంచి అది మద్రాసు రాజ్యంలోనూ నడిచింది. ఎరుకల వాళ్ళను ఆ జాబితాలో రాశారు. రాయబడిన వాళ్ళు ఊరు దాటాలంటే చెప్పి పోవాలి, రాత్రిళ్ళు ఉన్నామని పోలీసులకు కనబడాలి. స్టువర్టుపురం, సిద్ధాపురం సెటిల్మెంట్లు ఆ కాలానివే. 1952లో దేశమంతటా చట్టం పోయింది. జాబితా కాగితం మీద పోయింది గానీ వాడి తాత చెప్పిన మాటల్లో నుంచి పోలేదు. జాబితాలో నీ పేరు, రిపోర్టు అవుతుంది – ఆ రెండు మాటలు ఒక్కచోట కనబడితే వాడి ఇంట్లో ఎవరికైనా కాళ్ళు చల్లబడతాయి.

సీనియర్ అన్నను పిలుచుకొచ్చాం. ఆయన తన ల్యాప్‌టాప్ తెరిచి ఆ రిపోర్టు ఎక్కడికి పోతుందో చూపించాడు. యంత్రం లోపలే ఒక లాగ్ ఫైలు ఉంది. అందులో ఒక గీత రాసిపెడుతుంది: ఫలానా టైములో ఫలానా యూజర్ ఫలానా కమాండు కొట్టాడు, అనుమతి లేదు. అంతే. పిలిపించడం లేదు, అడగడం లేదు. "ప్రపంచంలో లైనక్స్ నేర్చుకున్న ప్రతివాడి పేరూ ఎప్పుడో ఒకప్పుడు ఇట్లా పడిందే" అన్నాడు. తన పేరు పడిన గీతలు కూడా చూపించాడు. ప్రొద్దుటూరు వాడు చాలాసేపు ఆ ఫైలునే చూశాడు. మర్నాటి నుంచి వాడికి అనుమతుల సంగతి పిచ్చిగా పట్టుకుంది. ఏ ఫైలునైనా చదవడం, రాయడం, నడపడం అని మూడు హక్కులు. సొంతదారుకు, గుంపుకు, మిగతా లోకానికి విడివిడిగా ఇస్తారు. మా అయిదుగురిలో ఇప్పుడు సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తున్నది వాడే. లాగ్ ఫైళ్ళు చదవడమే వాడి పని. టీచర్లకు ఒక మనవి: పిల్లలకు ఆ వాక్యం ముందే చూపించి, నవ్వుతూ అర్థం చెప్పండి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి. తండాలో సెల్ సిగ్నల్ కోసం గుట్టెక్కాలి, ఆన్‌లైన్ క్లాసు సగంలో తెగిపోయేది. అప్పుడు మాకు యూనిక్స్ విలువ అసలు తెలిసింది. మ్యాన్ అని కొట్టి కమాండు పేరు రాస్తే దాని పుస్తకమంతా తెర మీదకొస్తుంది. నెట్ అక్కరలేదు. కరెంటు ఉంటే చాలు. చదవడం అయ్యాక క్యూ అక్షరం నొక్కి బయటికి రావాలని మాత్రం ముందే తెలుసుకోండి. వీఐ అనే ఎడిటర్‌లో దూరి బయటికి దారి తెలియక మేం ల్యాప్‌టాప్ ఆర్పేసిన రోజులున్నాయి.

పగలంతా ఇంట్లో ఉండేసరికి ఒక సంగతి గమనించాం. అవ్వ మాట్లాడే గోర్ బోలిలో సగం మాటలు మా నోటికి రావడం లేదు. పాణి, బాటి, యాడి – ఇవి పోవు. కానీ అవ్వ పెట్టెలోని బట్టలకు ఫేటియా, కాంచళి, టుక్రి అని దేనికి దానికి పేరుంది. అద్దం కుట్టే ఒక్కొక్క తీరుకూ ఒక పేరుంది. మా వయసు వాళ్ళం చుడీదార్, ప్యాంటు అంటాం. కట్టనిదానికి పేరెందుకు గుర్తుంటుంది? గోర్ బోలికి సొంత లిపి లేదు. తెలుగు అక్షరాల్లోనే రాద్దామని కూచున్నాం. మొదట నోటుబుక్కులో రాశాం. 412 మాటలయ్యాక చెయ్యి నొప్పి పుట్టి, ఇంత చదువు చదివి ఇదేం పనిలే అని, నోటుబుక్కులోవి ఎక్కించి ఆ పైవి నేరుగా ఫైల్లోనే కొట్టడం మొదలుపెట్టాం. ఒక వరుసకు ఒక మాట, పక్కన తెలుగు అర్థం.

ఇక్కడ పైపు గురించి చెప్పాలి. ఒక ప్రోగ్రాం నుంచి వచ్చేదాన్ని ఇంకో ప్రోగ్రాంలోకి పారించే నిలువు గీత అది. తోటలో నీళ్ళ గొట్టానికి గొట్టం తగిలించినట్టు ప్రోగ్రాములను తగిలించాలని డగ్ మెక్ఇల్రాయ్ 1964లోనే రాసుకున్నాడు. 1973లో అది యూనిక్స్‌లోకి వచ్చింది. సార్ట్ వరస పెడుతుంది, యూనిక్ మళ్ళీ వచ్చినవి పట్టుకుంటుంది, డబ్ల్యూసీ లెక్క చెబుతుంది. ఒక్కొక్కటి ఒక్క పనే చేస్తుంది. మూడూ కలిపితే ఒక గుమాస్తా చేసే పని అవుతుంది. అవ్వ ఒకే మాట రెండుసార్లు చెబితే మేం కాదు, గీతే పట్టేసేది.

దీనితో పాటు రెండు గుర్తులున్నాయి. ఒక బాణం వేస్తే, వచ్చిన ఫలితాన్ని ఫైల్లో కొత్తగా రాస్తుంది, పాతది చెరిగిపోతుంది. రెండు బాణాలు వేస్తే పాతదాని కింద చేరుస్తుంది. ఇది మాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం.

ఒక సాయంత్రం మాటల ఫైలును వరస పెట్టి, అదే ఫైల్లో దాచుకోవాలనుకున్నాం. సార్ట్ అని కొట్టి, ఫైలు పేరు రాసి, ఒక బాణం వేసి, మళ్ళీ అదే ఫైలు పేరు రాశాం. ఎంటర్. తెర ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే అంతా బాగున్నట్టే గదా. ఫైలు తెరిస్తే ఖాళీ.

ఎందుకట్లా అయిందో రాత్రంతా మ్యాన్ పేజీలు తిరగేసి తెలుసుకున్నాం. మనం కొట్టిన వరుసను ముందు షెల్ చదువుతుంది. బాణం కనబడగానే, సార్ట్ పని మొదలుపెట్టక ముందే, ఆ ఫైలును ఖాళీ చేసి సిద్ధంగా పెడుతుంది. ఆ తర్వాత సార్ట్ వచ్చి చదువుతుంది. కుండ కడిగి బోర్లించి పెట్టాక నీళ్ళు కొలవమన్నట్టు. ఖాళీని ఖాళీగా వరస పెట్టి ఇచ్చింది. యంత్రం తప్పేమీ లేదు, చెప్పింది చెప్పినట్టు చేసింది. ఇక్కడ చెత్తబుట్టలో వెతుక్కోవడానికి కూడా ఉండదు. ఆర్ఎంతో తీసేసినా, బాణంతో చెరిపేసినా పోయిందంటే పోయిందే.

తెరను పైకి జరిపి చూశాం. మధ్యాహ్నం డబ్ల్యూసీ చెప్పిన లెక్క మిగిలింది: 638. టెయిల్ కొట్టి చూసుకున్న చివరి పది మాటలు మిగిలాయి. 412 నోటుబుక్కులో ఉన్నాయి. మిగతావి లేవు.

పొద్దున్నే అవ్వకు చెప్పాం. ఏమంటుందోనని భయం. "పోతే పోనీ రా. మాటలు నోట్లో ఉండాల గానీ డబ్బాలో ఉంటాయా? ఆకూ వక్కా తెచ్చి పెట్టండి, మళ్ళా చెప్తా" అంది. చెప్పింది. కానీ మాట అడిగితే రాదు. మొదటిసారి మేకను పట్టుకుని ఉన్నప్పుడు మేక మాటలు చెప్పింది, సూది పట్టుకుని ఉన్నప్పుడు కుట్టు మాటలు చెప్పింది. రెండోసారి ఎదురుగా కూచోబెట్టి అడిగితే వేరేవి వచ్చాయి, కొన్ని అప్పుడు చెప్పనివి కూడా. 597 దగ్గర ఆగిపోయాం. 2021 వేసవిలో అవ్వ పోయింది.

కనీసం 41 మాటలు పోయాయి. అవి ఏవో మాకు తెలియదు. తెలిస్తే పోయినట్టే కాదు గదా.

చెయ్యాల్సింది ఏమిటో కూడా చెప్పేస్తాం. సార్ట్‌కు హైఫన్ ఓ అని ఇచ్చి అదే ఫైలు పేరు రాస్తే, ముందు అంతా చదువుకుని తర్వాతే రాస్తుంది. షెల్‌కు నోక్లాబర్ అనే ఏర్పాటు ఉంది. సెట్, హైఫన్ ఓ, నోక్లాబర్ అని కొడితే, ఉన్న ఫైలు మీద ఒక బాణం పడనివ్వదు, అడ్డం తిరుగుతుంది. మా అందరి యంత్రాల్లో తెరవగానే అది అమలయ్యేట్టు రాసిపెట్టుకున్నాం. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, వేరే ఊర్లో ఇంకో కాపీ. ఆ మూడో కాపీ చింతూరులో ఉంటుంది.

హాస్టలుకు తిరిగొచ్చాక మిగతా ముగ్గురూ తమ మాటలు తెచ్చారు. ఇప్పుడు ఒక వరుసలో నాలుగు భాషలు. నీళ్ళకు సుగాలీలం పాణి అంటాం, ఎరుకల ఇంట తణ్ణి, కోయలో ఏరు, సవరలో డా. సీతంపేట అమ్మాయి గిడుగు రామమూర్తి గారి గురించి చెప్పింది. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగానే మాకు తెలుసు. ఆయన సవరల మధ్య తిరిగి, జ్వరాలకు మింగిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకుని కూడా 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. ఒక భాష వింటూ వింటూ చెవులు పోగొట్టుకున్న మనిషి. మా ఒక్క రాత్రి నష్టం ఆయన ముందు చెప్పుకునేది కాదు.

అక్షరాల వరస దగ్గర కూడా తిప్పలొచ్చాయి. పాణి అని రాస్తే కంటికి రెండక్షరాలు. యంత్రం లెక్కలో నాలుగు, ప, దీర్ఘం, ణ, గుడి. బైట్లలో పన్నెండు. ఈ బైట్ల పద్ధతి, యూటీఎఫ్-8, 1992లో కట్టింది ఎవరనుకున్నారు? యూనిక్స్ కట్టిన ఆ కెన్ థాంప్సనే, రాబ్ పైక్‌తో కలిసి. యూనికోడ్ వరసలో ళ అక్షరం ల పక్కనే వస్తుంది, మన నిఘంటువుల్లో హ తర్వాత వస్తుంది. నల్ల తెర మీద ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురుగా కనబడతాయి. చూసి భయపడకండి, ఫైల్లో సరిగ్గానే ఉంటాయి, మామూలు ఎడిటర్‌లో తెరిస్తే బాగుంటాయి. సవరకు 1936లో మంగేయి గొమాంగో చేసిన సోరాంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. ఆదిలాబాద్ గుంజాల గోండి లిపి 2018లో చేరింది. అంటే ఆ అక్షరాలకు కంప్యూటర్‌లో ఇప్పుడు సొంత ఇంటి నంబర్లున్నాయి. లేఖ రాసేవాళ్ళే రావాలి.

మొదలుపెట్టడానికి కొత్త కంప్యూటర్ అక్కరలేదు. పాత డెస్క్‌టాప్ చాలు. పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ పెట్టి, విండోస్‌ను కదిలించకుండా దాని మీద నుంచే నడిపి చూడొచ్చు. అదీ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్లో టెర్మక్స్ అనే యాప్ ఉంది. ఎల్‌ఎస్, సార్ట్, గ్రెప్ అన్నీ అందులో నడుస్తాయి. మొదటి వారం ఉన్నచోటు చూసుకోవడం, నడవడం, ఫైలు చేసుకోవడం నేర్చుకోండి. చెరపడం చివర్లో నేర్చుకోండి. సాధన కోసం పుస్తకంలోని ఉదాహరణలు కొట్టకండి. మీ ఇంట్లో వాళ్ళు వాడే పది మాటలు అడిగి ఒక ఫైల్లో రాసి, దాన్నే వరస పెట్టండి, దాన్నే వెతకండి. మొదట కాపీ చేసుకోండి.

మా ఫైల్లో కోయ వరుస ఇంకా పల్చగా ఉంది. ఎరుకల వరుసలో బుట్టల అల్లికకు సంబంధించిన మాటలు బాగా చేరాయి, పాటలకు సంబంధించినవి లేవు. గోర్ బోలిలో ఇప్పుడు 733. ఈ మధ్య పక్క తండా పెద్దావిడ ఒక కుట్టు పేరు చెప్పింది. ఎక్కడో విన్నట్టుంది. గ్రెప్ కొట్టి చూశాం. ఏమీ రాలేదు. రెండు బాణాలు వేసి కింద చేర్చాం.